సంత నడుమ చిన్న రైలు: ఒక వెదురు ప్రదర్శన పని డైరీ

గురువారం తెల్లవారుజామున సంతలో 24 మీటర్ల పొడవున నిలబెట్టి, పొద్దుగూకే వేళకు విప్పి కట్టగట్టేసే వెదురు చట్రం గురించి ఈ డైరీ. దానికి గోడలు లేవు, కప్పు సగమే ఉంది. అందులో చూపించేది ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని నౌపడా–గుణుపురం చిన్న రైలు కథ. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. తర్వాత గుణుపురం దాకా సాగి 90 కిలోమీటర్లయింది. 2004లో ఆగిపోయి, 2011లో బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాల) రైలుగా గుణుపురానికి తిరిగి వచ్చింది.

మా ఊరు కాశీనగర్‌కూ గుణుపురానికీ మధ్య, వంశధార ఒడ్డున ఉంది. సంతలో తెలుగు, ఒడియా, కొండ మీది సవరల భాష మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. పనిలో ఉన్నది నలుగురం. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. మామకు వెదురు పని తెలుసు. మిగతా ఇద్దరూ డిగ్రీ చదివే కుర్రాళ్లు. చందాలుగా వచ్చినది 30,000 రూపాయలు. ఎందుకు మొదలుపెట్టామో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి నేరుగా తప్పుల్లోకి వెళ్తాను.

దశ 1: నేల కొలత (డిసెంబరు మొదటి రెండు వారాలు)

మంగళవారం వెళ్లి కొలిచాం. స్థలం 42 మీటర్లు పొడవు, 31 వెడల్పు. ఒక చింతచెట్టు, ఒక బోరింగు, మూల మీద పంచాయతీ నీళ్ల ట్యాంకు. మిగతాదంతా ఖాళీ. నేను ఆ ఖాళీలో చక్కగా చెట్టు పక్కన ప్రదర్శన గీశాను.

గురువారం ఉదయం అయిదున్నరకు వెదుళ్లతో వెళ్లేసరికి నేను గీసిన చోట ఎండుచేపల గంపలు దిగుతున్నాయి. చేపలమ్మే ఆవిడ నా కాగితం వైపు కూడా చూడలేదు. "ఇది మా అత్తగారి చోటు బాబూ, ఆవిడ పోయాక నాది" అంది. నేల మీద గీత లేదు, రాయి లేదు. కానీ సంతలో అందరికీ ఆ సరిహద్దు తెలుసు, నాకు తప్ప. ఆ వారం వెదుళ్లు మోసుకుని వెనక్కి వచ్చాం.

తర్వాత చేసిన కొలత పద్ధతి ఇది:

1. సంత రోజునే వెళ్లాలి. వేరే రోజు కొలిచిన ప్లానుకు విలువ లేదు.
2. ట్యాంకు మెట్ల మీద ఒకే మెట్టు నుంచి ఉదయం 6, 9, మధ్యాహ్నం 12, 3 గంటలకు ఫొటోలు తీయాలి.
3. అమ్మకందార్లు గోనెలు ఎత్తగానే ఆ అచ్చు చెరిగిపోకముందే ముగ్గుపిండితో చుట్టూ గీయాలి. మేం గీసినవి 63 చోట్లు. వెడల్పు 1.2 నుంచి 2 మీటర్లు.
4. మరుసటి వారం ఆ గీతలు చూపించి, తప్పులుంటే చెప్పమని వాళ్లనే అడగాలి. మాకు 11 తప్పులు చెప్పారు.

నీడ కూడా కొలిచాం. చింతచెట్టు ఎత్తు సుమారు 11 మీటర్లు. డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరంగా 10 మీటర్ల దాకా పడింది. కుండల వరస, గాజుల వరస ఆ నీడలోనే ఉన్నాయి. మే నెల మధ్యలో మా అక్షాంశానికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడ చెట్టు కిందికే ముడుచుకుంటుంది, వరసలు మళ్లీ జరుగుతాయి. కాబట్టి ఈ ప్లాను చలికాలానికి మాత్రమే.

చివరికి ఎవరి చోటూ కాని నేల ఒక్కటే మిగిలింది: బస్సు ఆగే చోటు నుంచి చెట్టు దాకా జనం నడిచే దారి. 24 మీటర్ల పొడవు, 3.4 మీటర్ల వెడల్పు. ప్రదర్శన దగ్గరికి జనాన్ని రప్పించాలన్న ఆలోచన అక్కడితో వదిలేసి, నడిచేవాళ్ల తలల మీదుగా దాన్ని కట్టాలనుకున్నాం.

ఖర్చు: టేపు, దారం, ముగ్గుపిండి 640. ఇప్పటిదాకా మొత్తం: 640.

దశ 2: వెదురు, పుచ్చు (డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకా)

ఇక్కడ దొరికేది సాలియా వెదురు. గోడ మందం, లోపలి బోలు తక్కువ, మోయడానికి బరువు. 12 అడుగులవి 48 కొన్నాం, ఒక్కోటి 90 రూపాయలు. అప్పుడే నరికిన పచ్చివి, అందులో సగం ఏడాది వయసువి. మామ గోరుతో గీరి చూసి పెదవి విరిచాడు. మూడేళ్ల వెదురైతే కణుపుల దగ్గర పొట్టు రాలిపోయి ఉంటుంది, కొడితే ఖంగుమంటుంది. నాకు తొందర, ఆయన మాట వినలేదు.

పదహారో రోజున పేర్చిన చోట నేల మీద చిన్న చిన్న పసుపు కుప్పలు కనిపించాయి. మొదట ఎవరో చెక్కకు రంపం పెట్టారనుకున్నాను. వేళ్ల మధ్య నలిపితే గోధుమపిండి కంటే మెత్తగా ఉంది. వెదురును పలక మీద తాటిస్తే సూదిమొన అంత రంధ్రాల్లోంచి మళ్లీ కారింది. పుచ్చు పురుగుకు కావలసింది వెదురులో ఉండే పిండి పదార్థం. లేత వెదురులో, పచ్చిగా నరికిన దాంట్లో అది ఎక్కువ. 48లో 20 పారేశాం.

మిగిలిన 28కీ, కొత్తగా ఏరి తెచ్చిన 20కీ చేసిన మందు:

1. 4 మీటర్ల పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు గుంట తవ్వి టార్పాలిన్ పరిచాం.
2. 200 లీటర్ల నీళ్లలో బోరాక్స్ 6 కిలోలు, బోరిక్ ఆసిడ్ 4 కిలోలు. అంటే సుమారు 5 శాతం. ముందు వేడినీళ్లలో కరిగించాలి, లేకపోతే అడుగున పేరుకుంటుంది.
3. ప్రతి రెండు కణుపుల మధ్యా 5 మి.మీ. రంధ్రం. మొదటి విడతలో ఇది మరిచిపోయాం. ఏడు రోజుల తర్వాత ఒకటి చీల్చి చూస్తే లోపల పొడిగా ఉంది, మందు పైతోలు దాటలేదు. రంధ్రాలు ఒకే వరసలో వేయకూడదు, ఆ గీత వెంటే చీలుతుంది.
4. విడతకు 12, ఏడేసి రోజులు. పైన రాళ్ల బరువు పెట్టాలి, వెదురు తేలుతుంది.
5. తీశాక నీడలో రెండు వారాలు ఆరబెట్టాలి.

గుంట చుట్టూ కంచె తప్పనిసరి. మేకలు నీళ్లనుకుని వస్తాయి. మిగిలిన ద్రావణాన్ని చెరువులోకో పొలంలోకో వదలకండి. మేం డ్రమ్ములో మూతపెట్టి, తర్వాత తలుపు చెక్కలకు పూసేశాం.

ఖర్చు: మొదటి వెదురు 4,320, ట్రాక్టరు 700, మార్చిన వెదురు 1,800, మందు 1,450, టార్పాలిన్ 900. ఇప్పటిదాకా మొత్తం: 9,810.

దశ 3: 762 మి.మీ. (ఫిబ్రవరి మొదటి సగం)

చిన్న రైలు పట్టాల మధ్య దూరం 762 మి.మీ., అంటే రెండున్నర అడుగులు. నడిచే దారిని సరిగ్గా ఆ వెడల్పే ఉంచి, చూసేవాళ్లు పట్టాల మధ్య నడుస్తున్నట్టు చేయాలన్నది నా ఊహ. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. మామ ఆ ప్లాను చూసి "ఇందులోకి ఎవరైనా ఎదురొస్తే?" అన్నాడు. "పక్కకు తప్పుకుంటారు" అన్నాను.

చట్రాలు తొమ్మిది, మూడు మీటర్లకు ఒకటి. ఒక్కోదానికి రెండు నిలువులు, ఒక అడ్డదూలం. వాటిని కలిపే పొడవు వెదుళ్లు 16, ఏటవాలు కట్లకు 5. మొత్తం 48. కప్పుకు తడికలు మామ ఇంట్లో ఉన్నవే.

ఫిబ్రవరి మొదటి గురువారం ఉదయం ఏడింటికి నిలబెట్టాం. ఏడూ ఇరవైకి దారి మూసుకుపోయింది. కూరగాయల గంప వెడల్పే 70 సెం.మీ. గంపతో వచ్చే మనిషికి చెరో పక్క మూడేసి సెంటీమీటర్లు మిగిలింది. ఎదురుగా మరో గంప వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవాలి. చిన్న రైలుకు కనీసం స్టేషన్లలో పక్క లైను ఉండేది.

ఎత్తు కూడా దెబ్బ కొట్టింది. అడ్డదూలాన్ని మామూలు గుమ్మం లెక్కన 2.1 మీటర్ల దగ్గర కట్టాం. ఒక సవర పెద్దావిడ తల మీద అడ్డాకుల కట్టతో వచ్చి, దూలం ముందు ఆగింది. తల మీద బరువున్న మనిషి వంగలేదు, తలెత్తలేదు, మెడ తిప్పలేదు. తిరగాలంటే ఒళ్లంతా ఒక్కసారిగా తిరగాలి. ఆవిడ మెల్లగా పాదాలు మార్చుకుంటూ అర్ధచంద్రంలా తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెళ్లాక ఇంకొకరి మోపు కొలిచాను: నేల నుంచి మోపు పైదాకా 2.28 మీటర్లు.

మార్పులు:

1. దారి వెడల్పు 1,676 మి.మీ. అది బ్రాడ్‌గేజి కొలత. రెండు గంపలు దాటుకుంటాయి. ఇది ముందే ఆలోచించి చేసింది కాదు. 1,600 చాలనుకుని కట్టి, ఇంకాస్త జరిపితే అక్కడికి వచ్చింది. ఆ లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన తాతగారు టేపు చూసి, "రైల్వే వాళ్లు ఏడేళ్లలో చేసిన గేజి మార్పిడి నువ్వు వారంలో చేశావు బాబూ" అన్నారు.
2. అడ్డదూలం 2.6 మీటర్లకు. నిలువులను పొడవుగా వదిలేసినందువల్ల పైకి జరిపి కట్టడమే సరిపోయింది. కోయకపోవడం మా ముందుచూపు కాదు, రంపం మొండిది.
3. కట్లకు కొబ్బరి తాడు తీసేశాం. పచ్చిదనం పూర్తిగా పోని వెదురు ఎండి సన్నబడితే తాడు వదులవుతుంది. పన్నెండో రోజుకు కట్టు లోపలికి వేలు దూరింది. పాత సైకిల్ ట్యూబును 3 సెం.మీ. పట్టీలుగా కోసి, బాగా లాగి ఎనిమిది చుట్లు చుడితే వెదురు సన్నబడినా రబ్బరు వెంట బిగుస్తుంది. ఎండకు పగుళ్లు వస్తాయి, మూడు నెలలకోసారి మార్చాలి.
4. ముఖ్యమైన కీళ్లకు 10 మి.మీ. మర కడ్డీ, నట్టు, వాషరు. మేకు కొడితే వెదురు చీలుతుంది, కణుపు దగ్గర కొట్టినా సరే.

762 మి.మీ. గీతలు రెండూ ముగ్గుపిండితో దారి మధ్యలో మాత్రం ఉంచాం. అది నా మొండితనం.

ఖర్చు: తాడు 420, ట్యూబులు 350, కడ్డీలు 1,180, మామ కూలి 9 రోజులు 5,400. మామ కూలి వద్దన్నాడు, అత్తయ్య తీసుకుంది. ఇప్పటిదాకా మొత్తం: 17,160.

దశ 4: గాలి (ఫిబ్రవరి రెండో సగం)

బ్రెజిల్‌లోని సావో పాలోలో లీనా బో బార్డీ కట్టిన మ్యూజియం 1968లో తెరిచారు. అందులో బొమ్మలను గోడకు తగిలించకుండా, కాంక్రీటు దిమ్మలో నిలబెట్టిన గాజు పలకల మీద ఉంచింది ఆమె. బొమ్మల మధ్య నుంచి మనుషులు, మనుషుల మధ్య నుంచి బొమ్మలు కనిపిస్తాయి. చదువుకునే రోజుల నుంచి నాకది పిచ్చి. గాజు బదులు ప్లైవుడ్డు పలక, దిమ్మ బదులు మేమే పోసిన 18 కిలోల సిమెంటు దిమ్మ. పన్నెండు దిమ్మలు పోశాం.

రెండో గురువారం పది గంటలకు గాలి లేచింది. వరసగా మూడు పలకలు పడ్డాయి. ఒకటి ఉల్లిపాయల రాశి మీద, అదృష్టం.

ఇంటికొచ్చి ముందే వేయాల్సిన లెక్క అప్పుడు వేశాను. గంటకు 36 కి.మీ. గాలి, అంటే సెకనుకు 10 మీటర్లు. చదరపు మీటరుకు ఒత్తిడి 0.6 × 10 × 10 = 60 న్యూటన్లు. పలక 1.2 × 0.9 మీటర్లు, 1.08 చదరపు మీటర్లు. తోపు 65 న్యూటన్లు, దాదాపు 6.6 కిలోల బరువు. అది నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున తోస్తోంది. దిమ్మ వెడల్పు 60 సెం.మీ., మధ్య నుంచి అంచుకు 30. పడకుండా ఉండాలంటే 6.6 × 1.4 ÷ 0.3, అంటే 31 కిలోలు కావాలి. మా దిమ్మ, పలక కలిపి 23. గాలి ఒకటిన్నర రెట్లయితే తోపు రెండుంపావు రెట్లవుతుంది, దాదాపు 70 కిలోల బరువు కావాలి. ఎవరు మోస్తారు?

నేను ఆ మ్యూజియంలో తప్పు సగాన్ని అరువు తెచ్చుకున్నాను. ఆ గాజు పలకలు గాలి రాని మేడ మీద ఉంటాయి. ఆ మేడను 70 మీటర్లకు పైగా మధ్యలో స్తంభం లేకుండా నిలిపి, కింద నేలనంతా ఊరి జనానికి వదిలేసింది ఆవిడ. అక్కడ సంతలు జరుగుతాయి, ఊరేగింపులు ఆగుతాయి. నాకు పనికొచ్చే పాఠం ఆ కింది నేలలో ఉంటే, నేను మేడ మీది పలకలు మోసుకొచ్చాను.

మార్పులు:

1. దిమ్మలు, ప్లైవుడ్డు రద్దు. పలకల బదులు గుడ్డ. పైన పొడవు వెదురుకు వేలాడుతుంది, కింద వదులు. గాలి వస్తే లేచి దారి ఇస్తుంది.
2. మొదట కింద వెదురు బద్ద కట్టాం. అది ఊగి ఒక పిల్లవాడి నుదుటికి తగిలింది. బద్ద తీసేసి, అంచు మడిచి కుట్టించి అందులో 400 గ్రాముల ఇసుక పోశాం. తగిలినా నొప్పి లేదు.
3. చట్రం నిలువులకు 18 గుంటలు. గునపంతో 45 సెం.మీ. తవ్వి, 75 మి.మీ. పీవీసీ గొట్టం ముక్క నేలమట్టానికి దించాం. సంత లేని రోజుల్లో వెదురు బిరడా. మొదటి వారం బిరడాలు నేల పైకి రెండు సెంటీమీటర్లు ఉంచాం, ఆవు కాలు తట్టుకుంది. ఇప్పుడు నేలకు సమం.

నిలబెట్టే సమయం: మొదటిసారి 3 గంటల 10 నిమిషాలు, గొట్టాలు వేశాక 55 నిమిషాలు. విప్పడానికి 35.

ఖర్చు: దిమ్మలు 1,260, గొట్టాలు 720. ప్లైవుడ్డు అరువు, తిరిగి ఇచ్చేశాం. ఇప్పటిదాకా మొత్తం: 19,140.

దశ 5: అక్షరాలు (మార్చి)

బట్ట మీద అచ్చు కాస్త ఖరీదని మొదట 14 ఫ్లెక్సీలు వేయించాను. తొమ్మిది దాటాక ఎండలో ఫ్లెక్సీ అద్దంలా మెరిసి, చూసేవాళ్లకు ఫొటో బదులు తెల్లని మరక కనిపించింది. 2,800 పోయాయి. అవి ఇప్పుడు మూడు పశువుల పాకల మీద ఉన్నాయి, రైలు బొమ్మ లోపలికి.

కాటన్ గుడ్డ మీద మళ్లీ వేయించాం, ఒక్కోటి 310. మెరుపు లేదు, కానీ సన్నని గీతలు కొంచెం అలుక్కుంటాయి. పాత అట్ట టికెట్లు 57 × 30 మి.మీ. ఉంటాయి. వాటిని పదింతలు పెద్దవి చేస్తే అక్షరాలు నిలిచాయి, అయిదింతలకు చాలలేదు. ఆ గుడ్డ ముందు తాతగారి వ్యాఖ్య: "టికెట్టు ఇలా ఉంటుందని చాలామందికి ఇప్పుడే తెలుస్తుంది."

వివరణ అక్షరాల ఎత్తు 10 మి.మీ. పెట్టాను. దూరాన్ని 200తో భాగిస్తే అక్షరం ఎత్తు వస్తుందన్నది నేను వాడే లెక్క, రెండు మీటర్ల నుంచి చదవొచ్చని. కానీ గుడ్డ ముందు గాజుల బండి, దాని ముందు కొనేవాళ్లు. చదివే మనిషి నిలబడేది మూడున్నర, నాలుగు మీటర్ల దూరంలో. 22 మి.మీ. చేశాం. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి, వరసల మధ్య ఎడం అక్షరానికి రెండింతలు లేకపోతే వత్తు పోయి కింది గుడికి తగులుకుంటుంది. ఒడియాకు కూడా అదే ఎడం సరిపోయింది. చోటు తగ్గడంతో 120 మాటల వివరణ 35కు వచ్చింది. కోసినదేదీ ఎవరూ అడగలేదు.

సవర దగ్గర ఇరుక్కుపోయాం. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ తెలుగు లిపిలో సవర వాచకాలు తయారు చేశారు. 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపినే సృష్టించారు. మా వైపు బడిలో పిల్లలు చదివేది ఒడియా లిపి. ఏ లిపిలో రాయాలని కొండ మీది ఊరి మాస్టారిని అడిగితే, "సంతకు దిగేది మా అమ్మలు. వాళ్లకు ఏ లిపీ వద్దు, చెప్పండి" అన్నారు.

సరేనని ఆయన గొంతు రికార్డు చేసి స్పీకరు పెట్టాం. ఫోనులో కొలిస్తే పది గంటల సంత మోత 78 డెసిబెల్స్. స్పీకరు దాన్ని మించాలంటే అరవాలి, అరిస్తే పక్కనున్న బెల్లం వ్యాపారికి బేరం వినపడదు. ఆయన మర్యాదగానే తీగ పీకేశాడు. ఇప్పుడు పద్ధతి వేరు: ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, మోత పెరగకముందు, మాస్టారి చెల్లెలు అక్కడే కూర్చుని కొండచీపుళ్లు అమ్ముకుంటూ అడిగినవాళ్లకు చెబుతుంది. మూడో బొమ్మ దగ్గర చట్రం ముందు ఆవిడ చోటు కోసం ఒక గుడ్డను 60 సెం.మీ. పైకి మడిచాం.

ఖర్చు: ఫ్లెక్సీలు 2,800, గుడ్డలు 4,340, దర్జీ 560. ఇప్పటిదాకా మొత్తం: 26,840.

దశ 6: ఆశీలు, తువ్వాళ్లు (మార్చి చివర నుంచి)

ఆశీలు వసూలు చేసే మనిషి 14 గుడ్డలు లెక్కపెట్టి 14 దుకాణాలన్నాడు. ఏమీ అమ్మడం లేదన్నాం. "అమ్మకపోతే మరి ఇంత కట్టడం ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. బేరమాడి వారానికి 40 దగ్గర ఆగాం, రసీదుతో. ఆరు వారాలకు 240.

తువ్వాళ్ల వ్యాపారి రెండో వారం నుంచి మా వెదురు మీద తన సరుకు ఆరేశాడు. గుణుపురం స్టేషను ఫొటో మీద ఎర్ర గళ్ల తువ్వాళ్లు నాలుగు. గొడవ పడ్డాను. మామ మాట్లాడకుండా మరుసటి వారం 1.5 మీటర్ల ఎత్తున ఇంకో వెదురు కట్టి, "అబ్బాయ్, ఇది నీకు" అని అతనికి చూపించాడు. నాలుగు వారాల్లో అలాంటి అదనపు వెదుళ్లు ఆరయ్యాయి: తువ్వాళ్లకు రెండు, రిబ్బన్లకు ఒకటి, పాత్రలకు రెండు, ఒకటి పసిపాప ఉయ్యాలకు. ఉయ్యాల కట్టిన చోట మాత్రం దూలం ఒకటిన్నర సెంటీమీటరు వంగింది. పక్కన రెండో వెదురు జోడించి కట్టాం.

పిల్లలు 762 గీతల మధ్య ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కూత పెడుతూ తిరుగుతారు. వారానికి రెండుసార్లు ముగ్గు గీయాల్సి వస్తోంది.

లెక్కలు:

వచ్చినది 30,000. ఖర్చు 27,080. చేతిలో 2,920.
వృథా: పుచ్చిన వెదురు 1,800, తాడు 420, దిమ్మలు 1,260, ఫ్లెక్సీలు 2,800. మొత్తం 6,280.

గాలివానలు మొదలయ్యే లోపు మిగిలిన పనులు: ఐదో చట్రం ఎడమ నిలువులో మళ్లీ పసుపు పొడి కనిపించింది, అది మొదటి విడతలో రంధ్రం లేకుండా నానినది, మార్చాలి. ట్యూబు పట్టీలు పదకొండు మార్చాలి. సిమెంటు దిమ్మల్లో నాలుగు ఎండుచేపల ఆవిడ గోనె మూలలకు పెట్టుకుంది. మిగతా ఎనిమిదీ కావలసినవాళ్లు బండి తెచ్చుకుని తీసుకెళ్లవచ్చు.